అవుటర్ రాకముందు రోహిణి కార్తె ప్రయాణాలు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించిన 1998 నవంబరు 22 మొదలు, విజయవాడ రహదారి నాలుగు వరుసలుగా మారిన 2012 ఆఖరు వరకు గడిచిన పద్నాలుగేళ్లలో, హైదరాబాదు పడమటి అంచున ఒక వేసవి ఆచారం పుట్టి, పెరిగి, పెద్దగా ఎవరి కంటా పడకుండానే అంతరించిపోయింది. ఆ అంచున వెలసిన సాఫ్ట్‌వేర్ ప్రాంతమైన సైబరాబాదు ఉద్యోగులు 'ట్రిప్పు' అని పిలుచుకున్న ఆ ప్రయాణానికి, అంతకు ముందటి తెలుగువారి ఎండాకాలపు ప్రయాణాలకు మౌలికమైన తేడా ఒకటి ఉంది. అమ్మమ్మ ఊరికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా, మొక్కు తీర్చుకోవడానికి వెళ్లినా, పాత ప్రయాణానికి అవతలి కొసన చుట్టమో, పురోహితుడో, సత్రం గుమాస్తానో ఎదురుచూస్తూ ఉండేవాడు. బస్సు ఎక్కడ దిగాలో, ఏ నీళ్లు తాగాలో, రాత్రి ఎక్కడ పడుకోవాలో అతడే చెప్పేవాడు. ట్రిప్పుకు అవతలి కొసన ఎవరూ లేరు. నలుగురైదుగురు సహోద్యోగులు, ఒక అద్దె బండి, ఆఫీసు ప్రింటరు మీద తీసిన రెండు కాగితాలు మాత్రమే ఉండేవి కనుక, చుట్టాలు చెప్పవలసిన సంగతులన్నీ వాళ్లు దారిలో కనిపించిన పరాయివాళ్ల దగ్గర నేర్చుకోవలసి వచ్చింది. ఆ పాఠాలు చాలావరకు నవ్వు పుట్టించేవే గానీ, నేర్పినవాళ్లు మాత్రం వాటిని గంభీరంగానే నేర్పారు.

ఈ ప్రయాణాలకు కాలాన్ని నిర్ణయించింది తెలుగు పంచాంగం కాదు, అమెరికా క్యాలెండరు. యుద్ధాల్లో మరణించిన సైనికుల స్మరణార్థం అమెరికాలో పాటించే మెమోరియల్ డే, 1971 నుంచి మే నెల చివరి సోమవారం నాడు వస్తోంది. ఆ రోజు అమెరికా ఖాతాదారుల ఆఫీసులు మూసి ఉంటాయి కాబట్టి, వాళ్ల కోసం పనిచేసే మాదాపూర్, గచ్చిబౌలి బృందాలకు శని, ఆదివారాలతో కలిసి మూడు రోజుల తీరిక దొరికేది. సూర్యుడు రోహిణి నక్షత్రంలో ప్రవేశించే రోహిణి కార్తె కూడా సరిగ్గా మే 25 ప్రాంతంలోనే మొదలై దాదాపు రెండు వారాలు ఉంటుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని సామెత ఉన్న ప్రాంతంలో, ఏడాది మొత్తంలో ప్రయాణానికి అన్నిటికంటే పనికిరాని పక్షాన్ని ఏరికోరి ఎంచుకున్న తరం బహుశా ఇదొక్కటే. ఊళ్లలోని పెద్దవాళ్లు ఈ విషయం విని, చదువుకున్నవాళ్లకు ఎండ తగలదేమోనని ఎత్తిపొడిచేవారు.

బండి సంగతి కూడా కొంత చెప్పాలి. సొంత కారున్నవాళ్ల దగ్గర ఉన్నవి ఎక్కువగా మారుతి 800, ఆల్టో, శాంత్రో వంటి చిన్న కార్లు. ఐదుగురు కూర్చుని, వెనక సామాను పెట్టి, ఏసీ వేస్తే ఘాట్ రోడ్డు ఎక్కడానికి మొరాయించేవి. చల్లదనమో, కొండ ఎక్కడమో ఏదో ఒకటి ఎంచుకోవలసిందేనన్న సత్యం అక్కడ బోధపడేది. అందువల్ల ఎక్కువమంది టయోటా క్వాలిస్‌నే అద్దెకు తీసుకునేవారు. 2000లో మార్కెట్లోకి వచ్చిన ఆ బండి, వారమంతా రాత్రి షిఫ్టు ఉద్యోగులను ఇళ్లకు చేర్చి, శనివారం నాడు ట్రిప్పు బండిగా అవతారమెత్తేది. అద్దె లెక్కలో మూడు భాగాలుండేవి: కిలోమీటరుకు ఇంత అన్న ధర, తిరిగినా తిరగకపోయినా రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు డబ్బు కట్టాలన్న షరతు, డ్రైవరు భోజనానికి, రాత్రి బసకు విడిగా ఇచ్చే 'బత్తా'. ఈ మూడింటిలో ఒక్కటైనా ఒప్పుకునేటప్పుడు మరచిపోయిన బృందానికి, ఒప్పందంలోని ప్రతి షరతునూ చదవాలని ఆఫీసులో ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా రాని జ్ఞానం ఆదివారం సాయంత్రానికల్లా వచ్చేది.

అప్పటి సైబరాబాదు నుంచి బయటపడడమే ప్రయాణంలో మొదటి మజిలీ. విజయవాడ వైపు వెళ్లాలంటే మాదాపూర్ నుంచి జూబ్లీహిల్స్, పంజాగుట్ట, లక్డీకాపూల్, కోఠి, చాదర్‌ఘాట్, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా అడ్డంగా చీల్చుకుంటూ పోవాలి; శ్రీశైలం వెళ్లాలంటే మెహిదీపట్నం, చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్ దాటి తుక్కుగూడ చేరాలి. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే ఇది హాయిగా సాగిపోయే మాటే. అయితే నాలుగింటికి బయలుదేరాలని రాత్రి అనుకున్న బృందం, ఒకడు కొండాపూర్‌లో, ఒకడు అమీర్‌పేట హాస్టల్లో, ఒకడు అయ్యప్ప సొసైటీలో ఉన్నందువల్ల, అందరినీ లేపి, ఎక్కించుకుని, ఒకడు మరచిన కెమెరా కోసం వెనక్కి వెళ్లి, తొమ్మిదింటికి చాదర్‌ఘాట్‌లో చిక్కుకునేది. హయత్‌నగర్ దాటేసరికి తెచ్చుకున్న నీళ్లు సగం అయిపోయేవి.

ఇక్కడి నుంచి అసలు విద్య మొదలయ్యేది. దాని పేరు దారి అడగడం. తెలుగులో తొలి యాత్రా రచనగా పేరుపొందిన 'కాశీయాత్ర చరిత్ర' కర్త ఏనుగుల వీరాస్వామయ్య, మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా, అంటే దుబాసీగా పనిచేస్తూ, 1830 మే 18న డేరాలతో, పరివారంతో, పల్లకీ మోసే బోయీలతో బయలుదేరి, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరి, అక్కడి నుంచి కాశీకి సాగాడు. తెల్లవాళ్ల కొలువులో ఇంగ్లిషు తెలిసిన ఉద్యోగి, సెలవు పెట్టి, నడివేసవిలో రోడ్డెక్కడం సైబరాబాదుతో మొదలైన వింత కాదన్నమాట. ఆయన ప్రతి మజిలీలోనూ ఊరు ఎంత దూరం, నీటి వసతి ఎలా ఉంది, దుకాణాలు ఉన్నాయా, దిగడానికి చోటు ఉందా అన్న వివరాలు రాసుకున్నాడు. తరువాత వచ్చేవాడికి ఉపయోగపడాలన్న స్పృహ ఆ పుస్తకంలో అడుగడుగునా కనిపిస్తుంది. నూట డెబ్బై ఏళ్ల తరువాత అదే దారిలో ఎదురు దిశగా వెళ్లిన ఇంజనీర్లు మాత్రం ఏమీ రాసిపెట్టలేదు. ఒక బృందం అడిగి తెలుసుకున్న దారిని మరో బృందం మళ్లీ మొదటి నుంచి అడిగి తెలుసుకునేది.

అడగడంలో మెలకువలున్నాయి. 'ఇది శ్రీశైలం రోడ్డేనా?' అని అడిగితే ఎదుటివాడు మర్యాద కొద్దీ అవుననేస్తాడు, కాబట్టి 'శ్రీశైలం ఎటు పోవాలి?' అని అడగాలి. నడిచి వెళ్లేవాడు తన ఊరి పొలిమేర దాకానే దారి చెప్పగలడు. టీ కొట్టు దగ్గర ఆగిన లారీ డ్రైవరు రాష్ట్రం అవతలి దాకా చెప్పగలడు, పైగా ఎక్కడ రోడ్డు తవ్వారో కూడా చెబుతాడు. ఒకరిని అడిగి ఊరుకోకూడదు, ఇద్దరిని అడగాలి. ముగ్గురిని అడిగితే వాళ్లలో వాళ్లకే వాదన మొదలై అరగంట పోతుంది. 'ఇంకెంత దూరం?' అన్న ప్రశ్నకు 'దగ్గర్నే, రెండు కిలోమీటర్లు' అని వచ్చే జవాబు కొలత కాదు, ఓదార్పు. దీన్ని కొలతగా తీసుకుని లెక్క వేసుకున్నవాళ్లకు భోజనం సాయంత్రం నాలుగింటికి దొరికింది.

పిలుపు కూడా ముఖ్యమే. కారు అద్దం సగం దించి, 'హలో, ఎక్స్‌క్యూజ్ మీ' అన్నవాడికి ఎవరూ సరిగా దారి చెప్పలేదు. బండి దిగి, ఆమనగల్లులోనో కల్వకుర్తిలోనో 'అన్నా, శ్రీశైలం తొవ్వ ఎటు?' అంటే, 'సీదా పో తమ్మీ, బడి కాడ మల్లు' అన్న జవాబుతో పాటు ఒక్కోసారి మలుపు దాకా సైకిలు మీద తోడు కూడా వచ్చేది. కోదాడ దాటి జగ్గయ్యపేట, నందిగామ వైపు వెళితే అదే ప్రశ్నను 'బాబాయ్ గారూ' అని మొదలుపెట్టాలి. అక్కడ 'తిన్నగా వెళ్లి, రావిచెట్టు దాటాక కుడిపక్కకి తిరగండి' అంటూ మీది ఏ ఊరు, ఇంటిపేరేమిటి అన్న విచారణ కూడా పూర్తయితే గానీ వదిలేవారు కాదు. ఇంటిపేరు చెప్పగానే ఎవరో తెలిసినవాళ్లు తేలడం, మజ్జిగ తాగి వెళ్లమనడం జరిగేవి. చుట్టం లేడని బయలుదేరిన ప్రయాణంలో దారే చుట్టరికం కలిపేదని చెప్పడం అతిశయోక్తి కాదు. ఈ పిలుపుల భేదాన్ని ముందుగా పసిగట్టేది ప్రాజెక్టు మేనేజర్లు కాదు, ఊళ్ల నుంచి కొత్తగా వచ్చిన ట్రైనీలు. ఆఫీసులో నోరు విప్పని కుర్రవాడు నార్కట్‌పల్లి దాటగానే బృందానికి నాయకుడయ్యేవాడు.

తిండి విషయంలో మొదటి పాఠం కర్రీ పాయింటు మీద నేర్చుకున్నదే. ఇంట్లో అన్నం మాత్రం వండుకుని కూర, పప్పు, పులుసు కొనుక్కునే బ్రహ్మచారుల కోసం, వాటిని చిన్న ప్లాస్టిక్ సంచుల్లో కట్టి అమ్మే దుకాణాన్ని హైదరాబాదులో కర్రీ పాయింటు అంటారు. రాత్రి కొన్న ఆ సంచులు రోహిణి ఎండలో, కారు వెనక అద్దం కింద, పదకొండింటికల్లా పులిసిపోయేవి. చింతపండు పులుసు, నూనె, పసుపు పట్టిన పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుందనీ, వేడి అన్నంలో పాలు పోసి చెంచాడు పెరుగు తోడుగా కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుని పుల్లబడకుండా ఉంటుందనీ, ఇళ్లలోని ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతి, సర్వర్ల ఉష్ణోగ్రతను డిగ్రీలలో లెక్కగట్టే మగవాళ్లకు తెలియకపోవడం చిత్రమే.

నీళ్ల కోసం చలివేంద్రాలు ఉండేవి. ఎండాకాలంలో బాటసారుల దాహం తీర్చడానికి రోడ్డు పక్కన తాటాకు పందిరి వేసి, మట్టి రంజన్లలో, అంటే పెద్ద కుండల్లో, నీళ్లు నింపి, అడిగినవాళ్లకు ఉచితంగా పోసే ఏర్పాటు అది. సీసా నీళ్లు తప్ప ముట్టనని చౌటుప్పల్‌లో శపథం చేసినవాడు సూర్యాపేట చేరేలోగా రంజను ముందు దోసిలి పట్టడం దాదాపు నియమంగా జరిగేది. ఇక చిట్యాల, నకిరేకల్ పరిసరాల్లో తాటిముంజల గుట్టలు. లేత తాటికాయను కత్తితో చెక్కి గీత కార్మికులు చేతికిచ్చే ముంజకాయను బొటనవేలితో పొడిచి, లోపలి నీళ్లు ఒలకకుండా నోటికి పెట్టుకోవడం ఒక కళ. అది తెలియక చెంచా అడిగినవాడికి చెంచా దొరకదు గానీ, ధర మాత్రం పెరుగుతుంది. అప్పట్లో రంగారెడ్డి జిల్లా గుర్తు అయిన ఏపీ 28 నంబరు పలకను చూస్తేనే ధర పెరుగుతుందన్న అనుమానం చాలామందికి ఉండేది, దానికి రుజువేమీ లేదు. చొక్కా మీద పడిన కాయ కర మాత్రం ఉతికినా పోదు. అది అందరికీ తెలిసిన రుజువే.

అప్పటి విజయవాడ రోడ్డు, 9వ నంబరు జాతీయ రహదారి, ఎక్కువ భాగం రెండు వరుసలే. ముందున్న లారీని దాటడం ఒక సంభాషణ. లారీ కుడివైపు దీపం మినుకుమంటే దానికి రెండు అర్థాలు ఉండవచ్చు: తాను కుడికి తిరుగుతున్నానని ఒకటి, ఎదురుగా ఏమీ రావడం లేదు, నన్ను దాటిపోవచ్చని మరొకటి. ఒకే సంకేతానికి రెండు విరుద్ధమైన అర్థాలు ఉండకూడదన్నది సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు మొదటి రోజే చెప్పే సూత్రం. ఆ సూత్రం తెలిసినవాళ్లు లారీ వెనక పది కిలోమీటర్లు నిశ్చేష్టులై నడిపితే, పదో తరగతి తప్పిన క్వాలిస్ డ్రైవరు లారీ డ్రైవరు చెయ్యి బయటికి వచ్చిందా లేదా అన్నది చూసి అర్థం తేల్చేవాడు. రేడియేటరు మరిగినప్పుడు మూత వెంటనే తీయకూడదనీ, చెట్టు కింద అరగంట ఓపిక పట్టాలనీ నేర్పింది కూడా అటువంటివాళ్లే. అదనపు చక్రాన్ని రోడ్డు మీద అందరూ 'స్టెప్నీ' అంటారు. అందులో గాలి ఉందో లేదో బయలుదేరకముందే చూడాలన్న పాఠం నేర్పడానికి మాత్రం గురువు అవసరం లేకపోయింది.

అన్నిటికంటే పెద్ద పాఠశాల మన్ననూరు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు మన్ననూరు దగ్గర నల్లమల అడవిలోకి, పులుల అభయారణ్యంలోకి ప్రవేశిస్తుంది. అడవి జంతువులకు ఇబ్బంది కలగకుండా అక్కడి అటవీ శాఖ చెక్‌పోస్టును రాత్రి తొమ్మిదింటికి మూసి, తెల్లవారి ఆరింటికి తెరుస్తారు. సైబరాబాదు ఉద్యోగి జీవితమంతా గడువుల మధ్యనే సాగేది, ఆ గడువులన్నీ జరిగేవే. శుక్రవారం సోమవారమయ్యేది, సోమవారం నెలాఖరయ్యేది. గంటకు అరవై కిలోమీటర్ల చొప్పున ఎక్సెల్ షీటులో వేసిన లెక్క ప్రకారం ఏడింటికే మన్ననూరు దాటవలసిన బృందం, టీలకు, ఫోటోలకు, తప్పిన ఒక మలుపుకు లెక్కలో చోటు ఇవ్వనందువల్ల, తొమ్మిదీ పదికి గేటు ముందు నిలబడేది. ఫలానా కంపెనీ అని చెప్పినా, గుర్తింపు కార్డు చూపించినా, పెద్దాయనా అని బతిమాలినా అటవీ గార్డు చెప్పే సమాధానం ఒక్కటే: పొద్దున ఆరింటికి రండి. పై అధికారికి ఫోన్ చేయిద్దామంటే అక్కడి నుంచి సెల్‌ఫోన్ సిగ్నలు సన్నగిల్లేది. వెనక్కి తిరిగి దాబాలో నులక మంచాలు అడిగి, ఆకాశం కింద పడుకుని, దోమలతో తెల్లవార్లూ చర్చలు జరిపి, ఆరింటికి గేటు తెరిచాక అడవిలోకి వెళ్లినవాళ్లే, వేసవి ఉదయపు నల్లమల ఎంత చల్లగా ఉంటుందో చూడగలిగారన్నది కూడా చెప్పుకోవాలి. ఫరహాబాద్ దాటాక కోతుల గుంపులు. అద్దం దించిన బండిలోంచి పులిహోర డబ్బా పోవడానికి రెండు క్షణాలు చాలు.

జలవిహారాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు, ఎందుకంటే అక్కడ జలం ఉండేది కాదు. పన్నెండు గేట్ల శ్రీశైలం ఆనకట్టా, ఇరవై ఆరు గేట్ల నాగార్జునసాగరమూ పొంగి పొర్లే చిత్రాలన్నీ వరద రోజుల్లో, ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో తీసినవి. మే నెలాఖరున గేట్లన్నీ మూసి ఉండి, నీటిమట్టం అడుగంటి, రాళ్లు తేలి కనిపించేవి. ఆదిలాబాదు దాకా వెళ్లి కుంటాల జలపాతాన్ని చూసినవాళ్లకు నల్లని బండల మీద సన్నని ధార దర్శనమిచ్చింది. అంత దూరం బండి నడిపి ఇది చూడటానికా వచ్చామని అడిగిన ఒక్కరికైనా, వర్షాకాలంలో రావాలని ముందే ఎందుకు అడిగి తెలుసుకోలేదన్న ఎదురు ప్రశ్న తోచలేదు.

మార్పు ఒక్కసారిగా రాలేదు. 2008 నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా అవుటర్ రింగ్ రోడ్డు తొలి భాగం తెరుచుకుంది. మరుసటి ఏడాది అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పైచిలుకు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. 158 కిలోమీటర్ల వలయం దశలవారీగా పూర్తవుతూ పోగా, గచ్చిబౌలిలో ఎక్కినవాడు చాదర్‌ఘాట్ మొహం చూడకుండా పెద్దఅంబర్‌పేటలో విజయవాడ రోడ్డు మీద దిగడం మొదలైంది. ఆ రోడ్డు సంఖ్య 65గా మారి, నాలుగు వరుసలై, ఊళ్లను బైపాసుల పక్కకు నెట్టింది. గూగుల్ మ్యాప్ మేకర్ 2008లో వచ్చింది. దాని రూపకర్తల్లో ఒకరైన లలితేష్ కట్రగడ్డ వంటివాళ్ల పని వల్ల, అప్పటిదాకా పటాలకెక్కని ఊళ్లను, సందులను ఆ ప్రాంతం తెలిసిన మామూలు మనుషులే పటంలో గుర్తించగలిగారు. ఒక విధంగా అది దారి చెప్పేవాళ్లందరి తెలివినీ ఒకచోట పోగుచేసిన పని. దాంతో టీ కొట్టు దగ్గర బండి ఆపి అడగవలసిన అవసరం పోయింది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్ గేటు దగ్గర అద్దం దించే పని కూడా లేదు. ఇప్పుడు విజయవాడకు వెళ్లేవాడు ఒక్క మనిషితో కూడా మాట్లాడకుండా చేరగలడు. రోడ్డు ప్రమాదాల లెక్కన చూస్తే పాత రెండు వరుసల దారిని ఎవరూ మళ్లీ కోరుకోరు, కోరుకోనక్కరలేదు కూడా. పోయినది రోడ్డు కాదు, ఆ రోడ్డు బలవంతంగా చేయించిన పరిచయాలు.

చివరి పాఠం మంగళవారం నాడు ఆఫీసు క్యాంటీన్‌లో జరిగేది. మళ్లీ ఎక్సెల్ షీటు తెరిచి, అద్దె, పెట్రోలు, బత్తా, భోజనాలు తలా ఇంత అని పంచేవారు. మన్ననూరు నులక మంచాల ఖర్చు మలుపు తప్పించినవాడిదా, అందరిదా అన్న వివాదం వచ్చేది. 'ఇతరములు' అన్న గడి మాత్రం ప్రతిసారీ మిగతా గడులన్నిటికంటే పెద్దదిగా తేలేది. రెండు వందలో, మూడు వందలో బాకీ పడినవాడు చిల్లర లేదంటూ నెలలు గడిపి, ఈలోగా మరో కంపెనీకి మారిపోతే, అతడి వీడ్కోలు రోజున కేకు కోసేముందు ఆ బాకీ వసూలు చేయడం ఆనవాయితీ. మానవ వనరుల విభాగం చేసే చివరి లెక్కల పరిష్కారం కంటే ఇదే కచ్చితంగా జరిగేదని అంటారు. 2016లో యూపీఐ వచ్చి, బండి ఇంకా హయత్‌నగర్ చేరకముందే ఎవరి వాటా వాళ్లు పంపడం అలవాటయ్యాక, ఆ వసూళ్లు కూడా ఆగిపోయాయి.